షూజీ అంటే కార్యదర్శే

గ్రేసీ చైనా భాషలో మొట్టమొదట నేర్చుకున్న మాట "బుషింగ్". కుదరదు, పనికిరాదు అని అర్థం. ఏర్పేడుకు పది కిలోమీటర్ల దూరంలో ఫోన్ ఛార్జర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరిన వారానికే ఒక చైనా ఇంజనీరు ఆమె బిగించిన ముక్కను వెలుతురుకు పెట్టి చూసి, ఆ మాట అని పక్కన పడేశాడు. మొహం మాత్రం కోపంగా లేదు. దాంతో ఆమె ఆ మాటను మనసులో పెట్టుకుంది. మర్నాడు పాడైన ముక్కను తానే ఎత్తి చూపించి "బుషింగ్" అంది. ఆయన ఆగి, నవ్వి, "షింగ్" అంటే బాగుంది అని కూడా నేర్పాడు.

అప్పటికి ఆమె తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి ఏడాది. ఊరు నెమళ్ళగుంట. తల్లి మునిరత్నమ్మ కూలిపనికి పోయేది. తండ్రి ఇమ్మానుయేల్ తహసీల్దారు ఆఫీసు కింద గ్రామ సహాయకుడు. ఉద్యోగం పేరు కాగితాల్లో ఎన్నిసార్లు మారినా ఊరివాళ్ళు మాత్రం ఆయన్ని తలారి అనే పిలుస్తారు. నోటీసులు ఇంటింటికీ చేర్చడం, సర్వేయరు వస్తే గొలుసు పట్టడం, అధికారులు వస్తే దారి చూపించడం ఆయన పని.

2019లో కంపెనీ పన్నెండు మందిని శిక్షణకు డాంగ్వాన్ పంపింది. అయిదు నెలలు. మిగిలిన పదకొండు మందీ సాయంత్రాలు ఒక గదిలో చేరి పప్పుచారు కాచుకుని ఫోన్లో సినిమాలు చూసుకునేవాళ్ళు. గది చాలక గ్రేసీని ఇద్దరు చైనా అమ్మాయిలతో కలిపి ఉంచారు. అందులో షియావ్‌మెయ్ అనే పిల్ల నిద్రలో కూడా మాట్లాడేది. తిరిగొచ్చేసరికి గ్రేసీకి ఆ భాష చెవిన పడితే అర్థమయ్యేంత వచ్చింది. తర్వాత కరోనా వచ్చి చైనా ఇంజనీర్లు వెళ్ళిపోయారు. ఎవరికి ఏ మిషను ఆగిపోయినా వీడియో కాల్ పెట్టి గ్రేసీని ముందు కూర్చోబెట్టేవాళ్ళు. అలా లైన్ నుంచి ఆఫీసుకు మారింది. మెడలో వేసుకునే కార్డు మీద ఇంటర్‌ప్రెటర్ అని రాసిచ్చారు.

ఇమ్మానుయేల్ ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా ఆఫీసులో పాత కాయితాల్లో ఈ పనిని దుబాసీ అని రాసిండారమ్మా. దొరలకాడ ఉండే కొలువు," అన్నాడు గర్వంగా.

అయితే ఆమెకు వచ్చింది ఫ్యాక్టరీ చైనా భాష. స్క్రూ, సోల్డరింగ్, షిఫ్టు, సెలవు, అచ్చు, అతుకు. వీటిలో ఏ మాటకైనా తడుముకోకుండా జవాబు చెప్పేది. ప్రభుత్వంతో పని ఎప్పుడూ పడలేదు. అది 2025 జూన్‌లో పడింది. కంపెనీ రెండో షెడ్డు కట్టాలనుకుంది. దానికోసం లియాంగ్ అనే యాభై ఏళ్ళాయన పెద్ద మేనేజరుగా వచ్చాడు. సన్నగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, విన్న ప్రతిదాన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఏ అధికారి వచ్చినా పక్కన గ్రేసీ ఉండాల్సిందే.

మొదటి పొరపాటు నవ్వులతో పోయింది. జిల్లా కలెక్టర్ ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. కలెక్టర్ అన్న మాటకు గ్రేసీ ఫోన్లో వెతికితే "షౌష్వేగ్వాన్" అని వచ్చింది. అదే చెప్పింది. ఆ మాటకు అసలు అర్థం పన్ను వసూలు చేసేవాడని ఆమెకు తెలియదు. లియాంగ్ మొహం మారిపోయింది. మర్నాడు కలెక్టర్ వచ్చేసరికి మీటింగు గదిలో బల్ల నిండా ఫైళ్ళు, వాటి వెనక చెమటలు తుడుచుకుంటూ పన్నుల కాగితాలు చూసే మనుషులు. కలెక్టర్ ఆ దొంతర్లు చూసి, "ఇవన్నీ ఎందుకయ్యా? మా ఊళ్ళ పిల్లలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూద్దామని వచ్చాను," అన్నారు. సంగతి బయటపడ్డాక అందరూ నవ్వారు. లియాంగ్ కూడా నవ్వాడు. "అంటే షియెన్‌జాంగ్ అన్నమాట. జిల్లాకు పెద్ద," అని తన పుస్తకంలో కొట్టేసి రాసుకున్నాడు.

గ్రేసీ నవ్వలేదు. ఆ సాయంత్రమే రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనుక్కుని, ఎడమవైపు తెలుగు మాటా, కుడివైపు చైనా మాటా రాయడం మొదలుపెట్టింది. ప్రభుత్వం అంటే జెంగ్‌ఫూ. రాష్ట్రం అంటే షెంగ్. జిల్లా అంటే షియెన్. మండలం అంటే జెన్. ఊరు అంటే త్సున్, ఊరిపెద్ద త్సున్‌జాంగ్. అనుమానం వచ్చిన మాటలు షియావ్‌మెయ్‌ని అడిగేది. "మీ ఊళ్ళో కార్యదర్శిని ఏమంటారు?" అని మెసేజ్ పెట్టింది. "షూజీ" అని జవాబు వచ్చింది. రాసుకుంది. ఎదురెదురుగా రెండు మాటలు పడితే పని అయిపోయిందనే అప్పట్లో ఆమె అనుకునేది.

షియావ్‌మెయ్ అబద్ధం చెప్పలేదు. షూజీ అంటే కార్యదర్శే. కాకపోతే అక్కడ ఆ మాట పార్టీ కార్యదర్శిది. ఊరు మొదలుకుని రాష్ట్రం దాకా ప్రతి మెట్టు మీదా ఒక షూజీ ఉంటాడు. ఆ మెట్టు మీద ఆయన మాటే చివరి మాట. ఊరిపెద్ద ఆయన పక్కన కూర్చునే మనిషి.

సెప్టెంబరు మొదటివారంలో కొత్త షెడ్డు ప్లాను గురించి మాట్లాడటానికి నెమళ్ళగుంట సర్పంచ్ చంద్రకాంతమ్మ, పంచాయతీ కార్యదర్శి గిరి కలిసి వచ్చారు. వచ్చేది త్సున్‌జాంగ్, షూజీ అని గ్రేసీ ముందే చెప్పి ఉంచింది. లియాంగ్ గేటు దాకా ఎదురొచ్చాడు. గిరి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. తీసుకెళ్ళి సోఫా మధ్యలో కూర్చోబెట్టాడు. తన ఊరి నుంచి తెచ్చుకున్న టీ కప్పులు బయటికి తీసి, మొదటి కప్పు తానే వంచి ఇచ్చాడు.

గిరి నలభై దాటిన మెతక మనిషి. ఎన్నడూ ఎరగని మర్యాదకు ఆయనకు సోఫా మీద ముళ్ళు పొడుచుకున్నట్టుంది. "మేడం, సర్పంచ్ గారు ముందర కూర్చోవాల కదా. మీ సారుతో రొంత చెప్పండి," అని గ్రేసీ వైపు గొణిగాడు. గ్రేసీ చెప్పింది. లియాంగ్ అది వినయమనుకుని ఇంకా గౌరవంగా తల వంచాడు.

చంద్రకాంతమ్మ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, "ఏం మే గ్రేసీ, మీ సారు కంటికి నేను ఆనినట్టే లేదే?" అంది. నవ్వుతూనే అంది గానీ, టీ ముట్టలేదు.

లియాంగ్ ప్లాను పరిచాడు. కొత్త షెడ్డు ప్రహరీగోడ ఒకచోట వంక మీదుగా పోతుంది. అది వానలొస్తేనే పారే వంక. కొండ వైపు నుంచి వచ్చి నెమళ్ళగుంట చెరువులో కలుస్తుంది. నాలుగేళ్ళుగా సరిగా పారక అందులో కంపచెట్లు మొలిచి, చూసేవాళ్ళకు మామూలు పల్లం లాగే ఉంది. "దీనికి మీకేమైనా అభ్యంతరమా?" అని లియాంగ్ అడిగాడు.

"పంచాయతీ తరఫున మాకేం లేదండీ," అన్నాడు గిరి. "వంక మాత్రం రెవెన్యూ వాళ్ళది. వాళ్ళను అడక్కుండా మీరేం చేయొద్దు."

గ్రేసీ చెప్పింది: షూజీకి అభ్యంతరం లేదు, రెవెన్యూ వాళ్ళను కూడా అడగమంటున్నారు. రెవెన్యూ అన్న మాటకు ఆమె పుస్తకంలో "ష్వేవు" అని ఉంది. అదీ ఫోన్ ఇచ్చిందే. అంటే మళ్ళీ పన్నుల శాఖ. లియాంగ్ తల ఊపి, "పన్నుల సంగతి తర్వాత చూసుకుందాం. షూజీ సరేనంటే చాలు," అన్నాడు. చివరి మాట గ్రేసీకి వినపడింది. గిరిని అంత పొగుడుతున్నాడేమిటా అని ఒక్క క్షణం అనిపించింది. అంతకంటే ముందుకు ఆలోచించలేదు.

నెల తిరిగేసరికి గోడ లేచింది.

అక్టోబరు నెలాఖరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ఎడతెగకుండా వాన కురిసింది. నాలుగేళ్ళు ఎండిన వంక నిండుగా వచ్చింది. గోడకు తగిలి ఆగింది. వెనక్కి తన్ని, పైనున్న వెంకటముని వరి మడిలో నడుములోతున నిలబడింది. గోడకు ఇవతల నెమళ్ళగుంట చెరువులో మాత్రం మోకాటి లోతు నీళ్ళు లేవు. జనం ఫ్యాక్టరీ గేటు ముందు గుమిగూడారు. వెంకటముని గ్రేసీని చూసి గుంపులోంచి ముందుకొచ్చాడు. వరసకు పెదనాన్న. చిన్నప్పుడు ఆమెను సైకిల్ మీద బడికి దించినవాడు.

"నువ్వేనంట గదా మే వాళ్ళకు చెప్పేది! ఈడ వంక ఉండాదని ఒక్క మాట చెప్పలేకపోయినావా? ఈ ఊర్లో పుట్టినదానివేనా నువ్వు?"

"చెప్పినాం పెద్దనాయనా, గిరి సారు కూడా..."

"ఏం చెప్పినావో పోయి నా మడి సూసి రా."

నాలుగో రోజు పొద్దున సెక్యూరిటీ నుంచి గ్రేసీకి ఫోన్ వచ్చింది. గేటు దగ్గర ఇమ్మానుయేల్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో తహసీల్దారు నోటీసు.

"కంపెనీ తరఫున ఎవరన్నా సంతకం పెట్టి తీసుకోవల్ల," అన్నాడు, పరాయి మనిషితో మాట్లాడినట్టు.

"నేను పెట్టచ్చా నాయనా?"

"నువ్వొద్దు." ఆయన గొంతు తగ్గించాడు. "పైవాళ్ళను పిలువు. ఇందులో నీ చెయ్యి ఉండకూడదు."

కంపెనీ సిబ్బంది వ్యవహారాలు చూసే భానుచందర్ వచ్చి సంతకం పెట్టాడు. ప్రభుత్వ వంకను మూసినందుకు మూడు రోజుల్లో విచారణకు రావాలి, ఈలోగా గోడ పని ఆపాలి అని నోటీసు. గ్రేసీ అది లియాంగ్‌కు చదివి చెప్పింది. ఆయన రెండుసార్లు విన్నాడు.

"షూజీ ఒప్పుకున్నాడు కదా," అన్నాడు. "ఆయన మాట కాదనడానికి ఈ తహసీల్దారు ఆయనకంటే పైనా?"

గిరి కంటే తహసీల్దారు పైనా అని అడుగుతున్నాడు! నెమళ్ళగుంటలో బడికి పోని ముసలమ్మ కూడా ఆ ప్రశ్న అడగదు. తను ఎక్కడ తప్పిందో తెలియలేదు గానీ, తప్పిందని మాత్రం ఆ క్షణాన తెలిసిపోయింది.

ఆ సాయంత్రం ఇమ్మానుయేల్ సంగటి ముద్ద తింటుంటే నోటుపుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"నాయనా, మీ ఆఫీసులో ఎవరు పైన, ఎవరు కింద? వరసగా చెప్పు."

"అది యాడ రాసిండాదని సెప్పేది?" ఆయన ఆలోచించాడు. "ఎవరొస్తే ఎవరు లేస్తారో సెప్తా, రాసుకో. నేను అందరికీ లేస్తా. వీఆర్వో సారు ఆర్ఐకి లేస్తాడు. ఆర్ఐ సారు మా తహసీల్దారు మేడానికి లేస్తాడు. మేడం ఆర్డీవో సారుకు లేస్తాది. ఆర్డీవో సారు కలెక్టరుకు లేస్తాడు."

"గిరి సారు?"

"ఆయన వేరే ఆఫీసు. అయినా మా మేడం ముందర ఆయన కూసోను కూడా కూసోడు. సర్పంచమ్మకు లేస్తాడు, ఎంపీడీవోకు లేస్తాడు."

"గిరి సారుకు ఎవరు లేస్తారు?"

ఇమ్మానుయేల్ ముద్ద పట్టుకున్న చేత్తోనే ఆగాడు. "గిరి సారుకా? నేను లేస్తా," అన్నాడు.

గ్రేసీ అప్పటికప్పుడు షియావ్‌మెయ్‌కి ఫోన్ చేసింది. ఈసారి మాటకు మాట అడగలేదు. "మీ ఊళ్ళో షూజీ గదిలోకి వస్తే ఎవరెవరు లేచి నిలబడతారు?" అని అడిగింది.

"అందరూ," అంది షియావ్‌మెయ్, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పొద్దున్నే లియాంగ్ గదికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేసింది. గిరి షూజీ కాడు. మీ లెక్కన ఆయన వెన్‌షూ. ఊరి కాగితాలు చూసే గుమాస్తా. రెవెన్యూ అంటే ఈ దేశంలో పన్నులవాళ్ళు కాదు, భూమి వాళ్ళది, వంక వాళ్ళది. ఆయన వాళ్ళను అడక్కుండా ఏమీ చేయొద్దన్నాడు. నేను అడగమన్నాడని మాత్రమే చెప్పాను. తప్పు నాది.

లియాంగ్ చాలాసేపు తన చిన్న పుస్తకం తిరగేశాడు. సెప్టెంబరు పేజీ దగ్గర ఆగాడు. "రెవెన్యూని కూడా అడగాలి అని రాసుకున్నాను," అన్నాడు. "కింద గీత కూడా గీశాను. షూజీ అని వినగానే నాకు మిగతాది వినపడలేదు."

భానుచందర్ ఆలోచన వేరు. విచారణలో ఇవ్వడానికి ఆయన ఒక ఉత్తరం తయారుచేశాడు. ఇంగ్లీషులో రాసి, లియాంగ్ చేత సంతకం పెట్టించాడు. అందులో ఏముందో గ్రేసీకి ముందు చూపించలేదు.

తహసీల్దారు రాజశ్రీ ఆఫీసులో విచారణ. ఒకవైపు చంద్రకాంతమ్మ, గిరి, వెంకటముని, మరో నలుగురు రైతులు. ఇంకోవైపు కంపెనీవాళ్ళు. ఇమ్మానుయేల్ అలవాటుగా తలుపు దగ్గర నిలబడ్డాడు. భానుచందర్ లేచి ఉత్తరం తెలుగులో చదివాడు. అభ్యంతరం లేదని కంపెనీకి తెలిపింది దుబాసీ. ఆమె పొరపాటు అనువాదం వల్లే ఈ నిర్మాణం జరిగింది. కాబట్టి కంపెనీకి ఇందులో ఎలాంటి బాధ్యతా లేదు. సదరు ఉద్యోగిని మీద చర్య తీసుకుంటాము.

గదిలో అందరూ గ్రేసీ వైపు చూశారు. లియాంగ్ కూడా ఆమె వైపే తిరిగాడు, ఏం చదివాడో చెప్పమని.

ఒక్క వాక్యం వదిలేస్తే ఎవరికీ తెలియదు. మెత్తగా చెప్పినా ఎవరికీ తెలియదు. గ్రేసీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా, తన మీద చర్య తీసుకుంటామన్న ముక్కతో సహా, ఏదీ తగ్గించకుండా చైనా భాషలో చెప్పింది. చెబుతున్నంతసేపూ తండ్రి వైపు చూడలేదు.

"ఇది నువ్వు ఒప్పుకున్నదేనా?" అని లియాంగ్ అడిగాడు.

"మాట తప్పు నాదన్నది నిజం. కంపెనీకి బాధ్యత లేదన్నది ఆయన రాసింది."

లియాంగ్ లేచి నిలబడ్డాడు. ఆయన ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగుతుంటే, గ్రేసీ తెలుగులో చెబుతూ పోయింది. "సంతకం నాది. చదవకుండా పెట్టాను. గోడ కట్టమన్నది నేను. వంకను నా కళ్ళతో చూశాను. కంపచెట్లున్నాయి కదా, నీళ్ళు రావులే అనుకున్నాను. ఈ ఊరివాళ్ళను ఒక్కర్ని అడిగినా చెప్పేవాళ్ళు. నేను అడగలేదు."

రాజశ్రీ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మాట తప్పితే దిద్దుకోవచ్చు. గోడ నెల రోజులు కట్టినారు. గోడ కట్టించిన మీ ఇంజనీరుకు తెలుగు వచ్చు కదా, ప్లానులో వంక ఉండేది ఆయనకు కనపడలేదా?" అని భానుచందర్‌ని అడిగింది. ఆయన ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఆమె గ్రేసీ వైపు తిరిగింది. "చూడమ్మా, ఇంకోసారి ఆఫీసు మాట తెలియకపోతే మా దగ్గరకు వచ్చి అడుగు. సిగ్గుపడేదేం లేదు."

వంక మీదున్న నలభై అడుగుల గోడ వారంలో తీసేశారు. అక్కడ కల్వర్టు కట్టాలని, పంట పోయిన అయిదుగురికీ కంపెనీయే నష్టం ఇవ్వాలని తీర్పయింది. నవంబరు చివర్లో ఇంకో వాన పడి చెరువులోకి నీళ్ళు వచ్చాయి. నిండలేదు. సగానికి కాస్త పైన.

చర్య తీసుకుంటామన్న మాట కంపెనీ నిలబెట్టుకుంది. గ్రేసీని మళ్ళీ లైన్ మీదకు పంపారు. చెన్నై నుంచి, యూనివర్సిటీలో చైనా భాష చదువుకున్న ఒకాయన్ని తెచ్చుకున్నారు. మునిరత్నమ్మ రెండు రోజులు కంపెనీని తిడుతూ గిన్నెలు తోమింది. కొత్తాయన భాష ముందు గ్రేసీ భాష తేలిపోతుంది. కాకపోతే ఆయనకు తెలుగు అంతంతమాత్రం. వీఆర్వో, ఆర్ఐ, ఎంపీడీవో అందరినీ కలిపి "అధికారి" అనే ఒక్క మాటతో సరిపెట్టేవాడు. ఎవరిని ఏం అడగాలో తెలియక లియాంగ్ జనవరి చివర్లో తానే లైన్ దగ్గరకు వచ్చాడు. మిషన్ల రొదలో గట్టిగా, "నీ పుస్తకం తీసుకుని పైకి రా," అన్నాడు.

ఇప్పుడు ఆ పుస్తకంలో రెండు గళ్ళు కాదు, అయిదున్నాయి. మాట, ఆ పదవిలో ఉన్నవాడు దేని మీద సంతకం పెట్టగలడు, దేన్ని ఆపగలడు, ఎవరికి లేస్తాడు, చివర్లో చైనా మాట. చివరి గడి చాలాచోట్ల ఖాళీ. అలాంటప్పుడు మాట కోసం వెతకకుండా మిగతా మూడు గళ్ళూ విడమర్చి చెబుతుంది. లియాంగ్ ఓపిగ్గా వింటాడు. చుట్టుపక్కల కంపెనీల్లో ఇదే పని చేసే అమ్మాయిలు, అబ్బాయిలు ఆరుగురు ఆ పేజీలు ఫోన్లో అడిగి తెప్పించుకున్నారు.

ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక తండ్రీ కూతురూ కొత్త మాటల మీద కూర్చుంటారు. ఏటా ఊరి భూమి లెక్కలు తనిఖీ చేసే జమాబందీ అంటే ఏమిటో చెప్పడానికి ఇమ్మానుయేల్‌కు మొన్న పూర్తిగా ఒక పూట పట్టింది. ఇప్పుడు ఆయనకూ కొన్ని చైనా మాటలు వచ్చు. తలారిని చైనాలో ఏమంటారని అడిగితే, వెతికి చెబుతానంది గ్రేసీ.

వెంకటముని పెదనాన్న ఇంకా ఆమెతో మాట్లాడటం లేదు. కంపెనీ ఇచ్చింది తీసుకున్నాడు, వేసవి పైరు పెట్టాడు, దారిలో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. గ్రేసీ మాత్రం ప్రతిసారీ ఆగి, "బాగుండావా పెద్దనాయనా?" అని అడిగే ముందుకు పోతుంది.